టమాటాలు తలకిందులుగా వేలాడదీసి పెంచితే నెల్లూరు ఎండలకు నిలుస్తాయా?

మాగుంట లేఅవుట్ బాల్కనీ:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. మిద్దె మీద కుండీలు పెట్టుకుంటామంటే ఓనరుగారు ఒప్పుకోవడం లేదు, స్లాబు ఉరుస్తుందని ఆయన భయం, ఆ భయంలో న్యాయం ఉంది కాబట్టి మళ్ళీ అడగలేదు. మాకున్నదల్లా తూర్పు వైపు బాల్కనీ, మూడడుగుల వెడల్పు. వాషింగ్ మెషీను, గ్యాసు బండ పోను మనిషి నిలబడే చోటు మాత్రమే మిగులుతుంది. కింద చోటు లేదు గానీ పైన గాలి ఉంది, గ్రిల్లు ఉంది, పొద్దున ఏడు నుంచి పదకొండున్నర దాకా ఎండ బాగా పడుతుంది.

బక్కెట్టు అడుగున బొక్క పెట్టి టమాటా మొక్కను కిందికి దించి పెంచే వీడియోలు చాలా చూశాను. చూడ్డానికి బాగుంది, కర్రలు పాతే పని లేదు, కట్లు కట్టే పని లేదు అంటున్నారు. కానీ అవన్నీ చల్లటి దేశాల వీడియోలు. మన దగ్గర మార్చి వచ్చేసరికే ఇనుప గ్రిల్లు చేత్తో పట్టుకోలేం. ఇక్కడ నిజంగా కాసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎంత బక్కెట్టు కావాలి, ఏ రకం వేయాలి, దసరా అయిపోయింది కదా ఇప్పుడే మొదలుపెట్టవచ్చా? ఇంకో టెన్షన్ కూడా ఉంది, కింది ఇంటివాళ్ళు మా బాల్కనీకి సరిగ్గా కిందే బట్టలు ఆరేస్తారు. మట్టి నీళ్ళు వాళ్ళ మీద పడితే మాట పడాల్సి వస్తుంది.

2023 జూలైలో కిలో 150 దాటినప్పుడు ఇంట్లో నాలుగు కాయలైనా ఉంటే బాగుండు అనిపించింది, ఆ కోరిక ఇంకా పోలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కావలి మిద్దెతోట:

అక్కా, కాస్తాయి. మా ఇంట్లో వరండా దూలానికి వేలాడదీసి కాయించాం, చెర్రీ టమాటా. అయితే వీడియోల్లో చూపించే గుత్తులు గుత్తులు వేరు, మన దగ్గర వచ్చేది వేరు, కాబట్టి ముందు మొక్క ఏం చేస్తుందో తెలుసుకుంటే తర్వాత బాధపడాల్సిన పని ఉండదు.

మీరు మొక్కను కిందికి దించినంత మాత్రాన అది కిందికి పెరగదు. టమాటా కాండానికి భూమి ఎటు ఉందో తెలుస్తుంది, అడ్డంగానో తలకిందులుగానో పెడితే కిందివైపు కణాలు ఎక్కువ సాగి కొన మళ్ళీ పైకి తిరుగుతుంది. పెట్టిన కొద్ది రోజులకే కొన ఆకాశం వైపు లేస్తుంది, కాండం కొక్కెంలా వంగుతుంది. తర్వాత కొమ్మ బరువెక్కి, కాయలు పట్టాక మళ్ళీ కిందికి వాలుతుంది. ఆ వంపు దగ్గరే ప్రమాదం. పెద్ద కాయల రకం వేస్తే గాలికి ఊగి సరిగ్గా అక్కడే చీలుతుంది. అందుకే చిన్న కాయలు కాసే రకమే వేయండి. పూసా చెర్రీ టమాటా అని ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్ఐ వాళ్ళది ఒకటుంది, నర్సరీల్లో మామూలు చెర్రీ గింజలు ప్యాకెట్లలో కూడా దొరుకుతాయి. కూర టమాటానే కావాలంటే పొట్టిగా గుబురుగా పెరిగే పీకేఎం-1 లాంటివి చూడండి, తీగలా పాకేవి వద్దు.

వేర్లు పైన ఉంటే ఎరువు సారమంతా తేలిగ్గా కొమ్మలకు దిగుతుంది అని ప్రకటనల్లో రాస్తారు, అది నమ్మకండి. నీళ్ళను వేరు నుంచి ఆకుకు లాగేది ఆకుల్లోంచి ఆవిరయ్యే తేమ. రెండడుగుల మొక్కలో వేరు పైనున్నా కిందున్నా ఆ లాగుడికి తేడా పడదు. తలకిందులు పెట్టడం వల్ల దిగుబడి పెరగదు అక్కా. చోటు కలిసొస్తుంది, కాయ మట్టికి తగలదు, కట్టె పాతే పని తప్పుతుంది, అంతవరకే.

బక్కెట్టు సంగతి. పెయింట్ బక్కెట్లు అందరూ వాడతారు గానీ మీకు అంతకంటే సులువైనది ఒకటి చెప్తా, 20 లీటర్ల మంచినీళ్ళ క్యాను పాతది తీసుకోండి. అడుగు కోసేసి మూతి కిందికి పెట్టి వేలాడదీస్తే బొక్క పెట్టే పనే లేదు, ఆ మూతిలోంచే మొక్కకు దారి. కాకపోతే క్యానులోంచి వెలుగు లోపలికి పోతే పాచి పడుతుంది, వేర్లకూ మంచిది కాదు, చుట్టూ పాత గోనెపట్టా కట్టండి. గోనెపట్టా తెల్లటి గుడ్డతో కప్పితే ఇంకా మేలు, మన ఎండకు నల్ల బక్కెట్టులో వేర్లు ఉడికిపోతాయి.

నారు జానెడు పెరిగాక, కింది ఆకులు తుంచేసి, వేరుముద్దను మూతిలోంచి పైకి తోయండి. కాండం రెండు మూడు అంగుళాలు లోపలికి పోయినా భయం లేదు, టమాటాకు కాండం మీద కూడా వేర్లు పుడతాయి, ఎంత లోతుకు పెడితే అంత గట్టిగా పట్టుకుంటుంది. మూతి చుట్టూ కొబ్బరి పీచు గానీ, మధ్యకు చీల్చిన స్పాంజి ముక్క గానీ కూరండి, మట్టి జారదు. ఆ తర్వాత వెంటనే వేలాడదీయొద్దు. పైన అట్టో చెక్కో మూతలా పెట్టి, తాడుతో కట్టి, క్యాను తిప్పి మొక్క పైకి ఉండేలా రెండు వారాలు నేల మీద ఉంచండి. వేర్లు మట్టిని పట్టుకున్నాక తిప్పి వేలాడదీస్తే ఊడి పడదు. చాలామంది ఈ పని వదిలేస్తారు, అందుకే మొదటి గాలికే మొక్క జారిపోతుంది.

ఎప్పుడు వేయాలంటే, ఇప్పుడే వేలాడదీయొద్దు. మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023లో మిచాంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, దానికి ముందు రెండు రోజులు మన దగ్గర ఎలా ఉందో గుర్తుండే ఉంటుంది. అలాంటి గాలిలో వేలాడే బక్కెట్టు మొక్కకే కాదు, మనుషులకూ ముప్పే. నవంబరు మొదట్లో నారు పోసుకుని, డిసెంబరు మొదటి వారంలో క్యానులోకి మార్చి, వానలు తగ్గాక కొక్కేనికి తగిలించండి. జనవరిలో రాత్రిళ్ళు 20 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, టమాటా పూత నిలవడానికి అదే సరైన కాలం. పగలు 35 దాటి, రాత్రి కూడా 24, 25కి దిగకపోతే పూత రాలిపోతుంది, ఎన్ని మందులు కొట్టినా నిలవదు. ఫిబ్రవరి, మార్చి మీ కాయల నెలలు. ఏప్రిల్లో తీసేయండి, మొక్కను పట్టుకుని వేలాడటం దండగ.

ఒంగోలు నారుమడి:

అమ్మా, పై ఆయన చెప్పినవి బాగున్నాయి, ఏ మాటకూ నేను కాదనను. కానీ మీ అవసరం చూస్తే నాకొక సందేహం వస్తోంది. మీకు కావలసింది వేలాడే కుండీ. అందులో మొక్క తలకిందులుగానే ఎందుకుండాలి? చెర్రీ టమాటాను మామూలుగా పైనుంచి నాటి, అంచు మీద నుంచి కొమ్మలను కిందికి వాలనివ్వండి. అదే కొక్కెం, అదే చోటు. కాండం వంగి చీలే బాధ లేదు. నీళ్ళు పోసినప్పుడు ఆకుల మీదుగా జారవు, అది చిన్న విషయం కాదు. తలకిందుల మొక్కకు నీళ్ళు పోసిన ప్రతిసారీ మట్టి నీళ్ళు కాండం వెంట దిగి ఆకులు తడుస్తాయి, ఆకు తడిగా ఉంటే ఆకుమాడు తెగులు ఊరికే వస్తుంది, ముందు ముదురాకుల మీద గుండ్రటి వలయాల మచ్చలు, తర్వాత ఆకంతా మాడిపోవడం.

అన్నిటికంటే ముఖ్యం, మీ కింది ఇంటివాళ్ళు. మామూలు కుండీ అయితే అడుగున పళ్ళెం తగిలించవచ్చు. తలకిందుల దానికి అడుగున మొక్క ఉంటుంది, పళ్ళెం ఎక్కడ పెడతారు?

నేను నారు పెంచి అమ్ముతాను, నా దగ్గరికి ఇదే ప్రశ్నతో చాలామంది వస్తారు. కొత్తది చూడాలనే ఉత్సాహం మంచిదే, కానీ మొదటి ఏడాది కాయ చేతికి రాకపోతే మనిషి మళ్ళీ మొక్క జోలికి పోడు. అది నాకు నచ్చదు. ముందు కాయ తినండి, ఆ తర్వాత ఎటు తిప్పి పెంచినా మీ ఇష్టం.

రకం విషయంలో ఒక మాట. కూర టమాటా వేయాలనుకుంటే అర్కా రక్షక్ చూడండి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ళ హైబ్రిడ్, ఆకుముడత వైరస్, వాడు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునేలా చేసింది. కానీ కాయ వంద గ్రాముల దాకా ఉంటుంది, కాబట్టి దాన్ని నిలువుగానే పెంచాలి, కర్ర కట్టాలి. వేలాడేదానికి మాత్రం చెర్రీనే.

కావలి మిద్దెతోట:

పెద్దాయన మాటకు అడ్డు చెప్పడం కాదు గానీ, తెగుళ్ళ విషయంలో ఇంకో వైపు కూడా ఉంది. తలకిందుల మొక్కలో ఆకు అడుగు భాగం మన కంటికి ఎదురుగా ఉంటుంది. తెల్లదోమ గుడ్లు పెట్టేది అక్కడే, ఆకుముడత వైరస్ తెచ్చేది ఆ దోమే. మామూలు కుండీలో వంగి తిప్పి చూడాలి, ఇక్కడ నిలబడి చూడొచ్చు. వేప నూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం ఆకు అడుగున పడేలా కొట్టుకోవచ్చు. నీళ్ళు కాండం వెంట జారేది ఒక్కసారే కుమ్మరించినప్పుడు. చెంబుతో కొద్దికొద్దిగా, మూడు విడతలుగా పోస్తే చాలావరకు మట్టే పట్టుకుంటుంది. పళ్ళెం విషయంలో మాత్రం ఆయనదే న్యాయం, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. మాది వరండా, కింద పుదీనా తొట్టి ఉంది, కారే నీళ్ళు దాంట్లో పడతాయి.

సైటు మేస్త్రి:

మేడమ్, మొక్కల సంగతి నాకు తెలియదు, బరువు సంగతి చెప్తాను. దయచేసి ఇది చదివాకే కొక్కేలు కొనండి.

20 లీటర్ల బక్కెట్టులో ఎర్రమట్టి నింపి నీళ్ళు పోస్తే 30 కిలోలు దాటుతుంది. అలాంటివి ఐదు తగిలిస్తే 150 కిలోలు, అంటే ఇద్దరు మనుషులు రాత్రీ పగలూ మీ గ్రిల్లు పట్టుకుని వేలాడినట్టు. కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, సగానికి పైగా కలిపితే అదే బక్కెట్టు తడిమీద కూడా బాగా తేలికవుతుంది. చిన్న కుండీ, పది లీటర్లది అయితే అందులో సగమే.

బాల్కనీ స్లాబు గోడలోంచి ముందుకు వచ్చి ఉంటుంది, కింద దానికి ఆనుకునేది ఏమీ ఉండదు. కాబట్టి బరువంతా బయటి అంచున పెట్టకూడదు, గోడ వైపు, దూలం ఉంటే దూలం దగ్గర పెట్టాలి. మీది అద్దె ఇల్లు, స్లాబుకు డ్రిల్లు వేయడానికి ఓనరు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి మేకు బిగించడం పనికిరాదు, పైకప్పుకు వేలాడే బరువుకు అది మెల్లగా జారి వస్తుంది. యాంకర్ బోల్టు వేయించాలి. మన తీరం దగ్గరి పాత ఇళ్ళలో ఉప్పు గాలికి లోపలి కమ్మీలు తుప్పు పట్టి పెచ్చులు ఊడుతుంటాయి, పైన చీలికలు, తుప్పు మరకలు కనిపిస్తే అక్కడ ఏమీ తగిలించొద్దు.

గ్రిల్లుకు తగిలించేటట్టయితే అడ్డ కడ్డీలకు, వెల్డింగు గట్టిగా ఉన్నచోట, గ్రిల్లుకు లోపలి వైపే. బయటికి వేలాడదీస్తే తెగి పడినప్పుడు కింద ఎవరుంటారో మనకు తెలియదు. కొబ్బరి తాడు తడికి కుళ్ళుతుంది, నైలాన్ తాడు ఎండకు పెళుసవుతుంది, జీఐ గొలుసు (జింకు పూత పూసిన ఇనుప గొలుసు), ఇనుప ఎస్ హుక్కు వాడండి. పెయింట్ బక్కెట్టు చేతిపిడి మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఏడాది ఎండకు ఆ అంచు ప్లాస్టిక్ విరుగుతుంది. మూడు చోట్ల రంధ్రాలు వేసి, లోపల వాషరు పెట్టి గొలుసు బిగించండి. ఫ్లాట్లలో గిలకలతో పైకి లాగే బట్టల హ్యాంగర్లు ఉంటాయి చూడండి, కుండీలు వాటికి కట్టేవాళ్ళను చూశాను, అది అస్సలు వద్దు.

ముత్తుకూరు పెరటి:

అక్కా నీళ్ళు ఏం పోస్తారు? బోరు నీళ్ళా, కుళాయి నీళ్ళా? అది చెప్పకుండా ఏ సలహా ఇచ్చినా ఉపయోగం లేదు.

మాగుంట లేఅవుట్ బాల్కనీ:

అందరికీ చాలా థ్యాంక్స్. మేస్త్రి గారూ, మీరు చెప్పాక వెళ్ళి గ్రిల్లు చూశాను, ఒక మూల వెల్డింగు దగ్గర తుప్పు ఉంది, ఆ వైపు ఏమీ పెట్టను.

చెల్లెమ్మా, అపార్టుమెంటుకు బోరు నీళ్ళే, కొంచెం ఉప్పగా ఉంటాయి, బక్కెట్టు అంచున తెల్లగా గార కడుతుంది. కుళాయి నీళ్ళు పొద్దున కాసేపు వస్తాయి. మనీప్లాంటుకు ఆర్ఓ మెషీన్ నుంచి బయటికి పోయే నీళ్ళు పోస్తున్నాను, వృథా చేయడం ఎందుకని. టమాటాకు కూడా అవే పోయొచ్చా?

ముత్తుకూరు పెరటి:

అవి మాత్రం పోయకండి అక్కా. ఆర్ఓ చేసే పనే నీళ్ళలోని ఉప్పును వేరు చేయడం, మంచి నీళ్ళు ఇటు, ఉప్పంతా ఆ పైపులోకి. అంటే మీ బోరు నీళ్ళకంటే అవి ఇంకా ఉప్పు. నేల తుడవడానికి, బాత్రూము కడగడానికి వాడుకోండి.

మాది సముద్రం దగ్గర, ఈ ఉప్పు నీళ్ళతో మా పెరట్లో ఏళ్ళ తరబడి పోట్లాట. నేలలో అయితే ఒక పెద్ద వాన పడితే ఉప్పు కిందికి దిగిపోతుంది. వేలాడే కుండీలో ఎండకు నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు అక్కడే ఉండిపోతుంది, రోజుకు రెండుసార్లు పోసేకొద్దీ పేరుకుంటుంది. ముందు ఆకుల అంచులు కాలినట్టు ఎండుతాయి. తర్వాత కాయ కింద భాగం నల్లబడి, గుంటపడి కుళ్ళుతుంది. చాలామంది దాన్ని పురుగో తెగులో అనుకుని మందు కొడతారు. అది కాయకు కాల్షియం అందకపోవడం వల్ల వస్తుంది. మట్టిలో కాల్షియం ఉన్నా, ఒక రోజు ఎండగట్టి ఒక రోజు ముంచెత్తితే, లేదా ఉప్పు ఎక్కువైతే, వేరు దాన్ని పైకి తీసుకోలేదు. గుడ్డు పెంకులు నలగ్గొట్టి వేస్తే తగ్గుతుందంటారు, అవి మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందదు. నీళ్ళు రోజూ ఒకే తీరుగా పోయడమే అసలు మందు. ఇంకా వస్తుంటే కాల్షియం నైట్రేట్ లీటరుకు 2 గ్రాములు కలిపి మట్టికి పోయండి, దాన్ని వేరే ఎరువులతో కలపొద్దు, అడుగున తెల్లగా పేరుకుపోతుంది.

కాబట్టి పొద్దున వచ్చే కుళాయి నీళ్ళే రెండు బిందెలు పట్టి టమాటాకు ఉంచండి. బియ్యం కడిగిన నీళ్ళు కూడా కుళాయివైతే పోయొచ్చు. ఆర్ఓ సర్వీసుకు వచ్చే అబ్బాయి దగ్గర నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతో చూపించే టీడీఎస్ మీటరు ఉంటుంది, బోరు నీళ్ళు చూపించండి, వెయ్యి దాటిందంటే కుండీలకు వద్దు. కోకోపీట్ ఇటుక కొన్నా అందులో కూడా ఉప్పు ఉంటుంది, మంచి నీళ్ళలో నానబెట్టి రెండు మూడుసార్లు పిండి ఆ నీళ్ళు పారబోసి వాడండి. మట్టి పైన వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ రెండు అంగుళాలు పరచండి, ఎండ మట్టికి తగలకపోతే తేమ సాయంత్రం దాకా ఉంటుంది, ఫిబ్రవరి తర్వాత తేడా మీకే తెలుస్తుంది.

ఒంగోలు నారుమడి:

ఈ అమ్మాయి చెప్పింది పూర్తిగా నిజం. చాలామంది ఎరువు దగ్గర తంటాలు పడతారు, నీళ్ళ దగ్గర చూడరు.

ఎరువు గురించి కూడా రెండు ముక్కలు. వేలాడే కుండీలో నీళ్ళతో పాటు బలమూ కారిపోతుంది, అందుకని ఒకేసారి దట్టించకుండా రెండు వారాలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు, కొద్దిగా వేప పిండి వేయండి. పూత మొదలయ్యాక నత్రజని తగ్గించాలి, ఆకు నల్లగా నిగనిగలాడుతూ పూత లేదంటే అదే కారణం. బాల్కనీలో తేనెటీగలు పెద్దగా రావు, టమాటాకు అవి తప్పనిసరి కాదు, దాని పుప్పొడి దానికే సరిపోతుంది. పొద్దున తొమ్మిది, పది మధ్య పూలగుత్తి కాడను వేలితో మెల్లగా తట్టండి చాలు.

మాగుంట లేఅవుట్ బాల్కనీ:

సరే, ఇలా అనుకుంటున్నాను. పది లీటర్ల కుండీలు మూడు, మామూలుగా నాటి, అడుగున పళ్ళేలతో గోడ వైపు గ్రిల్లుకు. క్యాను ఒకటి మాత్రం తలకిందులుగా పెడతాను, అది లేకపోతే నాకు మనసు ఒప్పదు. దాన్ని సరిగ్గా వాషింగ్ మెషీను పైన వచ్చేలా తగిలించి, మెషీను మూత మీద వెడల్పాటి ట్రే పెడితే కారే నీళ్ళు అందులో పడతాయి, కింది ఇంటికి పోవు. బట్టలు ఉతికేటప్పుడు ట్రే తీసి పక్కన పెట్టుకుంటాను. ఏమంటారు?

సైటు మేస్త్రి:

బాగానే ఉంది మేడమ్. క్యానుకు రెండో గొలుసు కూడా వదులుగా కట్టి ఉంచండి, ఒకటి తెగితే ఇంకొకటి ఆపుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు అన్నీ దించి నేల మీద పెట్టండి. మెషీను ప్లగ్గు, వైరు ఆ ట్రే కిందికి రాకుండా చూసుకోండి, ఇది మర్చిపోవద్దు.

కావలి మిద్దెతోట:

మెషీను పైన ఐడియా బాగుంది అక్కా. క్యాను పైభాగం ఖాళీగా ఉంచకండి, అక్కడ మెంతులు చల్లండి, వారంలో మొలుస్తాయి, మట్టికి నీడ కూడా. నవంబరు మొదటి వారంలో నారు పోసేటప్పుడు గుంతకు రెండు గింజలు వేసి, మొలిచాక బలహీనంగా ఉన్నది తుంచేయండి. నారు ట్రే ఎండ తగిలే కిటికీ దగ్గరే ఉండాలి, నీడలో పెడితే సన్నగా సాగిపోతుంది, అలాంటి నారు తలకిందులు పెడితే నిలవదు. ఒకవేళ వానలకు నారు పోయిందంటే చెప్పండి, డిసెంబరు మొదట్లో పని మీద నెల్లూరు వస్తాను, మా దగ్గర మిగిలిన చెర్రీ నారు నాలుగు మొక్కలు తెచ్చిస్తాను.

మాగుంట లేఅవుట్ బాల్కనీ:

తప్పకుండా తెండి అన్నా, మా నారు బతికినా సరే తెండి. కింది ఇంటావిడ కూడా ఒక కుండీ పెడతానంటోంది.